గెడ్డవలసలో బళ్ళు లేవు

పాతపట్నం మీదుగా పోయే చిన్న రైలు మీద ఆ వేపు జనానికి వేళాకోళం జాస్తి. నడుస్తున్న పెట్టెలోంచి దిగి, చుట్ట ముట్టించుకుని, మళ్ళీ అదే పెట్టె తాపీగా ఎక్కొచ్చని చెప్పుకుని నవ్వుతారు. అలాంటి రైలు తమ ఊరికి కావాలని గెడ్డవలస గంగులు నాలుగేళ్ళ పైచిలుకు కాళ్ళరిగేలా తిరిగాడంటే, ఆయనకి రైలంటే మోజనుకునేరు. ఆయన జన్మలో నాలుగు సార్లకి మించి రైలెక్కిన మనిషి కాదు. ఆయనకి కావలసింది రైలు కోసం కట్టే వంతెన.

ఆ ప్రాంతంలో వాగుని గెడ్డ అంటారు. పాతపట్నానికి ఏడు మైళ్ళలో, గెడ్డకి అవతలి ఒడ్డున ఉంది కాబట్టి ఆ ఊరికి ఆ పేరు. మాఘమాసంలో చూస్తే పిల్లలు లాగులు తడవకుండా దాటే నీళ్ళు. ఆషాఢంలో కొండల మీద వాన పడిందంటే మాత్రం గంటలో ఒడ్లు కనపడవు. అరవైమూడో సంవత్సరం ఆషాఢంలో గంగులు తన ఒక్కగానొక్క కూతురు అమ్మడుని అత్తారింటి నుంచి ఎడ్లబండి మీద తీసుకొస్తున్నాడు. కొత్తగా పెళ్ళయిన పిల్ల, ఆ నెల అత్తారింట ఉండకూడదు. రేవు దగ్గరికి వచ్చేసరికి నీళ్ళు ఎర్రగా తిరిగి ఉన్నాయి.

"అయ్యా, ఇవతలే ఉండిపోయి రేపెల్దావేటి?" అంది పిల్ల.

"మొల్లోతు కూడా నేదమ్మా, బేగి దాటీగలం" అన్నాడు తండ్రి.

సగం దాటాక బండి తిరగబడింది. గంగులు చేతికి ఎద్దు కొమ్ము దొరికింది. అమ్మడుకి ఏదీ దొరకలేదు. మూడో రోజున రెండు మైళ్ళ దిగువన మొగలి పొదల్లో పిల్ల దొరికింది.

ఆ తర్వాత గంగులు ఇంట్లో కూతురి పేరెత్తలేదు. భార్య దాలమ్మ కూడా ఎత్తలేదు. ఊరివాళ్ళు ఆయన ముందు తమ కూతుళ్ళ ముచ్చట్లు చెప్పుకోవడం కూడా మానేశారు. ఆయన ఆ దుఃఖాన్నంతా కాయితాల మీద పెట్టాడు. వంతెన కావాలని అర్జీ మీద అర్జీ పెట్టాడు. "బళ్ళబాటకి వంతెనేమిటయ్యా, నీకేమైనా మతిపోయిందా?" అన్నారు ప్రతి ఆఫీసులోనూ. చివరికి పాతపట్నం స్టేషనులో ఎవరో ఓవర్సీరు జాలిపడి కిటుకు చెప్పాడు. "రైలు నీళ్ళలో దిగదు కదా పెద్దాయనా. లైను కొండ దాకా వేయించుకో, వంతెన దానంతటదే వస్తుంది. పక్కన మనుషులు నడవడానికి నాలుగు బల్లలు వేయించుకుంటే సరి."

అంతే. ఆ మాట పట్టుకుని గంగులు, పాతపట్నం నుంచి కొండ కింద సంత దాకా పదకొండు మైళ్ళు చిన్న రైలు పొడిగించాలని పంతొమ్మిది ఊళ్ళ చేత సంతకాలు, వేలిముద్రలు పెట్టించాడు. రైలు పెద్దలు వెంటనే కాదనలేదు. దారికి కావలసిన నేల ఊళ్ళవాళ్ళు ఊరికే ఇవ్వాలన్నారు. కట్టల మట్టిపని కూలి లేకుండా చెయ్యాలన్నారు. ఆ తర్వాత, ఆ దారిన ఎంత సరుకు పోతుందో మనుషుల్ని పంపి లెక్క చూసుకుంటామనీ, పెట్టిన సొమ్ముకి గిట్టుబాటు కనిపిస్తేనే ఢిల్లీ వాళ్ళు డబ్బు వదులుతారనీ చెప్పారు.

నేల సంగతి గంగులు చూసుకున్నాడు. ఇవ్వనన్న వాళ్ళ చెవిలో ఇల్లు కట్టుకుని పోరాడు. తాటిచెట్లున్న గట్టు ఒకటి వదలనన్న రైతుకి తన పల్లపు మడి మార్పిడి ఇచ్చాడు. స్టేషను కోసం తన మెట్ట రెండెకరాలూ రాసిచ్చేస్తానన్నాడు. మట్టిపనికి ఊరికి ఇంతమంది అని ఒప్పించాడు. సరుకు లెక్క గురించి మాత్రం ఆయన ఒక్క పూట కూడా బెంగ పెట్టుకోలేదు. గోగునార, చింతపండు, ధాన్యం, కొండచీపుళ్ళు... కోతలయ్యాక రోజుకి అరవై బళ్ళు ఆ రేవు దాటి పాతపట్నం పోతాయి. కళ్ళున్నవాడెవడైనా లెక్కపెట్టుకోవచ్చు.

మాఘ పౌర్ణమి వెళ్ళాక లెక్కల వాళ్ళు వస్తారని కబురొచ్చింది. ఈలోగా స్టేషను నేల దస్తావేజు రిజిస్టరు చేయించుకురావాలని గంగులు శ్రీకాకుళం బయల్దేరాడు. అక్కడ రిజిస్ట్రారు సెలవులో ఉన్నాడు. వచ్చాక స్టాంపు కాయితాలు లేవన్నారు. ఒక్క పూట పనికి వారం పట్టింది. అయినా గంగులుకి విసుగు రాలేదు. సత్రం అరుగు మీద పడుకుని, వంతెనకి ఎన్ని దిమ్మెలు పడతాయో వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటూ గడిపేశాడు. ఐదు పడతాయని తేల్చుకున్నాడు కూడాను.

దస్తావేజు పంచె చెంగున కట్టుకుని ఊరు చేరేసరికి పొద్దు వాలుతోంది. రేవు దగ్గర ఇసకలో డేరా గుంజల గుంతలు కనిపించాయి గానీ ఆయన పట్టించుకోలేదు. ఊళ్ళో పండగలా ఉంది. బావమరిది చినబాబు ఎదురొచ్చి చేతిలో సంచీ అందుకున్నాడు. ఈ చినబాబు దాలమ్మ తమ్ముడు, ముప్పై ఏళ్ళ చురుకైనవాడు, గంగులు మాటంటే వేదం.

"బావా, నువ్వు నేకపోయినా ఊరు సెక్కుసెదరనీకండా కాసుకున్నాం. నీ ధాన్యం ఒక్క గింజ పోనివ్వనేదు. సూడు మరి!" అన్నాడు, ముఖం వెలిగిపోతుంటే.

"ఎవులొచ్చినార్రా?" అన్నాడు గంగులు.

"ఇంకెవులు, లెవీ వోళ్ళు."

ఇక్కడ కొంచెం వెనక్కి వెళ్ళాలి. కరువొచ్చిన ఏడాది సర్కారు ధాన్యం లెవీ వేసింది. పండినదాంట్లో ఇంత అని కొలిచి పట్టుకెళ్ళడం. అప్పుడు ఊరంతా గంగులు మొహం చూసింది. గంగులు, "గవర్నమెంటంటే మనోల్లే గదా. దేశం ఆకలితో ఉన్నాది. ఉన్నది ఉన్నట్టు సెప్పండి" అన్నాడు. చెప్పారు. కొలిచి పట్టుకుపోయారు. వైశాఖం వచ్చేసరికి ఊళ్ళో గంజికి నూక లేదు. ముసలి లక్ష్మణమ్మ మనవడు, నాలుగేళ్ళ గుంటడు, చింతగింజలు ఉడకబెట్టినవి తిని విరేచనాలు పట్టుకుని పోయాడు. కొడుకూ కోడలూ అస్సాం తోటలకి వలసపోతే ఆ ముసల్ది పెంచుకుంటున్న పిల్లాడు వాడు.

ఆ శవాన్ని ఎత్తుకెళ్ళింది గంగులే. వచ్చి స్నానం చేసి, ఊరిని పోగేసి, అబద్ధం ఎలా ఆడాలో నేర్పాడు. అది ఆషామాషీగా నేర్పలేదు, పద్యం వల్లె వేయించినట్టు నేర్పాడు. పొలిమేర ఇంట్లో ఉండే అసిరమ్మ కొత్తవాళ్ళని చూడగానే తన దడికి చేట బోర్లించి తగిలించాలి. అది చూసి పక్కింటివాళ్ళు, వాళ్ళని చూసి ఆ పక్కవాళ్ళు. బియ్యం చెరిగే చేట దడికి వేలాడితే ఎవరికి అనుమానం? మనిషి ఊళ్ళోకి వచ్చేలోగా ఊరంతా చేటలే. అప్పుడు ధాన్యం పశువుల శాలల్లోని పాతరల్లోకి దిగిపోతుంది, పైన పేడ పరుచుకుంటుంది. మంచి బళ్ళు కొండ వెనక మామిడితోపులోకి పోతాయి, ఊళ్ళో ఉన్న రెండు బళ్ళకి చక్రాలు ఊడిపోతాయి. ఆడవాళ్ళు చిరుగు చీరలు కట్టుకుంటారు. గొంతున్న మరిడమ్మ వీధి మధ్యలో కూచుని ఏడుపు ఎత్తుకుంటుంది. ఆ మరుసటి ఏడు లెవీ వాళ్ళు గెడ్డవలస దరిద్రం చూసి ముక్కున వేలేసుకుని, మరిడమ్మ చేతిలో అర్ధరూపాయి పెట్టి మరీ వెళ్ళారు. ఆ కథ చెప్పుకుని ఊరు ఏడాది పాటు నవ్వింది.

చినబాబు ఇప్పుడు చెప్పింది కూడా ఆ కథే.

"మొన్న మంగళారం నాడు దిగినారు బావా. కాకీ బట్టలు, తోలు సంచీలు, ఇంత లావు పుస్తకాలు. రేవు కాడ డేరా ఏసుకుని మూడ్రోజులు కూకున్నారు. ఎన్ని బళ్ళున్నాయి, ఎంత పండుతాది, ఏ ఊరు తోల్తారు... ఇయ్యే అడగడం. ఆల్లు అడగడం, మావు నేదనడం. ఒక్క బండి ఆల్ల కంట పడితే ఒట్టు! మనవొక్కల్లవే కాదు, పైనున్న ఏడూళ్ళకీ కబురెట్టీసినాం. ఆల్లూ బళ్ళు కట్టనేదు. ఆకరికి ఆ పెద్దాయన బుర్ర గోక్కుని ఎలిపోనాడు."

గంగులు సంచీ మళ్ళీ తన చేతిలోకి లాక్కున్నాడు. "ఆల్లు ఏటని సెప్పుకున్నార్రా, ఎవులవని?"

"రైలోల్లవని సెప్పినారు. రైలోల్లు పున్నం ఎల్లినాక గదా వస్తామన్నాది? మావేటి ఎర్రోల్లవా? ఆపాలి లెవీ వోళ్ళు దోమల మందు కొట్టడానికొచ్చినామని సెప్పి రానేదేటి?"

గంగులు ఎదురుగా ఉన్న అరుగు మీద కూలబడ్డాడు. చినబాబు బావ ముఖం చూసి, అప్పటికి ఏదో పొరపాటు జరిగిందని గ్రహించి, తనూ పక్కన కూచున్నాడు.

"ఆల్లు రైలోల్లేరా చినబాబూ" అన్నాడు గంగులు. తిట్టలేదు. తిట్టడానికి ఎవరున్నారు? చినబాబు చేసిన ప్రతి పనీ ఆయన నేర్పినదే. ఒక్క పొల్లు కూడా తప్పకుండా చేశాడు.

మర్నాడు తెల్లవారుతూనే గంగులు పాతపట్నం వెళ్ళాడు. లెక్కల ఇన్స్పెక్టరు నరసింగరావు స్టేషను పక్క గదిలో బస చేసి ఉన్నాడు. విజయనగరం వాడు, నలభై లోపు మనిషి, మెత్తని మాట. గంగులు పేరు వినగానే లేచి బెంచీ మీద కూచోబెట్టాడు.

"మీ అర్జీలన్నీ నా దగ్గరున్నాయి గంగులు గారూ. మీ కోసమే కబురు చేద్దామనుకుంటున్నాను. రోజుకి అరవై బళ్ళని రాశారు. చెప్పిన దానికంటే ముందే వీలయిందని వచ్చి, మూడు రోజులు కూచున్నాను. నడిచిన మనుషులు నలభై, సైకిళ్ళు రెండు." పుస్తకం తిప్పి చూపించాడు. "బళ్ళు సున్న. మూడు రోజులూ సున్నే. ఇళ్ళలో అడిగితే తిండికే లేదన్నారు. ఒకావిడ వీధిలో ఏడుస్తుంటే నాకే కడుపు తరుక్కుపోయింది. ఈ ఊళ్ళకి రైలెందుకండీ?"

గంగులు అంతా చెప్పేశాడు. చేటలు, పాతరలు, చక్రాలు, మరిడమ్మ ఏడుపు, అన్నీ. నరసింగరావు మొదట నమ్మలేదు, తర్వాత నవ్వు ఆపుకోలేకపోయాడు. నవ్వుతున్నవాడల్లా గంగులు ముఖం చూసి ఆగిపోయాడు.

"బాబూ, మాకు రైలు నేకపోతే నేకపోయింది. వొంతెన గావాల" అన్నాడు గంగులు.

"మోకాల్లోతు నీళ్ళు కదండీ? నేను ప్యాంటు మడుచుకుని దాటాను."

అప్పుడు గంగులు చెప్పాడు. ఆషాఢం సంగతి, రేపెల్దామన్న పిల్ల మాట, మొల్లోతు కూడా లేదన్న తన మాట, ఎద్దు కొమ్ము, మొగలి పొదలు. నాలుగున్నరేళ్ళలో పెళ్ళాంతో కూడా చెప్పుకోని మాటలు ముక్కూమొహం తెలియని ఆఫీసరు ముందు బయటపడ్డాయి. మాట మధ్యలో ఏడుపొచ్చింది. దాన్ని ఆపుకోవడం ఆయనకి చాతకాలేదు. నరసింగరావు గ్లాసుతో మంచినీళ్ళిచ్చి, ఏడుపు తగ్గేదాకా కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డాడు. ఆయనకీ ఇద్దరు ఆడపిల్లలు.

తర్వాత కూచుని కాయితం మీద ఏదో రాసి, తెలుగులో చదివి వినిపించాడు. "గెడ్డవలస రేవు వద్ద వర్షాకాలంలో రాకపోకలు ప్రమాదకరం. అమ్మడు అను పంతొమ్మిదేళ్ళ యువతి ఇక్కడే మునిగి మరణించినది. సరుకు లెక్క ఎట్లున్నను, వంతెన అవసరం గమనించదగినది." గంగులు ఆ కాయితం వైపు చూస్తూ ఉండిపోయాడు. కూతురి పేరు సర్కారు కాయితం మీద ఉంది.

"సరుకు లెక్క లేకుండా ఈ ముక్క ఒక్కటీ నిలబడదు" అన్నాడు నరసింగరావు. "ఎల్లుండి మధ్యాహ్నం బండికి నేను వెళ్ళిపోవాలి. ఈలోగా మీ ఊరివాళ్ళని, పైఊళ్ళ పెద్దల్ని తీసుకురండి. ఎవరికెంత పండిందో, ఎన్ని బళ్ళు తోలతారో నిజం చెప్పి వేలిముద్ర వెయ్యమనండి. నా లెక్క కొట్టేసి కొత్తది రాస్తాను. నాకు చీవాట్లు పడితే పడనివ్వండి."

"ఆ కాయితం... లెవీ వోళ్ళు అడిగితే బాబూ?"

నరసింగరావు కలం కింద పెట్టాడు. "అది సర్కారు కాయితం. వాళ్ళడిగితే ఇవ్వాల్సిందే. అబద్ధం చెప్పను."

"ఎవులూ రాకపోతేనో?"

"అప్పుడు మీరు చెప్పింది రాసి పంపుతాను, ధాన్యం దాచారు కనుక ఈ లెక్క నమ్మడానికి లేదని. మళ్ళీ లెక్క తియ్యమంటాను. దాంతోనైనా మీకు మేలే జరగొచ్చు."

మేలు చేద్దామనే అన్నాడు. గంగులుకి మాత్రం అందులో కీడే కనిపించింది. దాచారన్న మాట కాయితం ఎక్కితే లెవీ వాళ్ళు ఈసారి గడ్డపారలతో వస్తారు. ఆ మాట చెప్పింది తనే.

ఆ సాయంత్రం గంగులు వాకిట్లో ఊరంతా కూచుంది. పైఊళ్ళ నుంచి కూడా నలుగురైదుగురు వచ్చారు. జరిగింది జరిగినట్టు చెప్పాడు. తను ఆఫీసరు దగ్గర నోరు జారినది కూడా దాచలేదు.

"సెప్పీసినావా బావా?" అన్నాడు చినబాబు. కోపంగా అనలేదు. వాడి పెళ్ళాం తాయారు ఐదో నెలతో గోడవారన కూచుని ఉంది, వాడు ఆమె వైపు చూశాడు.

"సెప్పీసినాను. వొంతెన మీద ఆశరా. మరిప్పుడు నాతోటి రండి. నిజం సెప్పి ముద్దరెయ్యండి. వొంతెన వస్తాది, రైలుబండి వస్తాది. గోగునార ఇక్కడే ఎక్కించుకోవొచ్చు. లెవీ ఏస్తే ఏత్తారు, అందరం పంచుకుందాం. నా గాదె ముందు తీస్తాను."

కొందరు నేల మీద పుల్లతో గీతలు గీశారు. పైఊరి పెద్ద ఒకాయన కండువా దులుపుకుని లేవబోయి, బాగుండదని మళ్ళీ కూచున్నాడు. వాళ్ళ మీద నాకు కోపం రాదు. వాళ్ళకి గంగులంటే ప్రాణం. అడిగితే నెత్తుర్నైనా ఇస్తారు గానీ, ధాన్యం సంగతి అలా కాదు. దాని వెనక పిల్లలుంటారు.

చివరికి లక్ష్మణమ్మ లేచింది. డెబ్బై దాటిన మనిషి, కర్ర పట్టుకుని గంగులు ముందుకొచ్చి నేల మీద కూచుంది.

"గంగులూ, నాయనా! ఆపాలి నువ్వే నిజం సెప్పమన్నావు. సెప్పినాం. నా గుంటడు పోనాడు. నిన్ను నాను ఒక్క మాటన్నానా?"

"అననేదే అప్పా."

"అనను కూడా. వోడిని నీ సేతుల్తోటి మోసినావు. ఇప్పుడు నీ కూతురు కోసం మళ్ళీ నిజం సెప్పమంటన్నావు. నువ్వడిగితే నా మూడు కుంచాలూ సూపించీసి ముద్దరేసీసి వస్తాను. నాకెవులున్నారు, నానెవులికి పెట్టాల? కానీ ఆ తాయారు సూడు. ఆ పిల్ల కడుపులోదానికి ఏటి సెప్తావు, నువ్వే సెప్పు. నువ్వు సెప్పినట్టే సేస్తాం."

ఊరంతా గంగులు వైపు చూసింది. కరువు ఏడాది కూడా ఇలాగే చూశారు. గంగులు తాయారు వైపు చూశాడు. ఆ పిల్ల తలొంచుకుంది. తొలి కాన్పు, వర్షాలు దిగేవేళకి పురుడు. గెడ్డ పొంగే రోజులు. వంతెన లేకపోతే ఏ కాన్పుకైనా పుట్టింటికి వెళ్ళడం కష్టమే. వంతెన కోసం ధాన్యం చూపిస్తే బాలింతకి పెట్టడానికి తిండే ఉండకపోవచ్చు. ఎటు తిప్పినా ఆ పిల్ల మీదకే వస్తోంది. గంగులుకి తల ప్రాణం తోకకొచ్చింది.

"మీరెవులూ రావొద్దు" అన్నాడు. "నానొక్కన్నే ఎల్తాను. నాను సెప్పీసింది నానే సర్దుకొస్తాను. ఇళ్ళకెల్లండి."

దాలమ్మ గుమ్మంలో నిలబడి వింటోంది. ఆయన లోపలికి వచ్చాక కాళ్ళకి నీళ్ళిచ్చింది.

మూడో రోజు పొద్దున్న గంగులు స్టేషను గదిలో అడుగుపెట్టేసరికి నరసింగరావు పెట్టె సర్దుకుంటున్నాడు. వెనక ఎవరైనా ఉన్నారేమోనని గుమ్మం దాకా వచ్చి చూశాడు.

"ఒక్కరే వచ్చారేం?"

"ఆల్లెందుకు బాబూ? మీరు రాసుకున్నదే నిజం. ఊళ్ళో ధాన్యం నేదు, బళ్ళు నేవు. వొంతెన మీద ఆశ కొద్దీ నాను అబద్దమాడినాను. మీ లెక్క అలాగే ఉంచీయండి."

నరసింగరావు నవ్వాడు. కుర్చీ జరిపి కూచోమన్నాడు. "గంగులు గారూ, మీరు ఊరి కోసం ఇలా అంటున్నారని నాకు తెలుసు. లెవీ అంటే వాళ్ళు భయపడ్డారు, అంతేనా? మీరేం కంగారు పడకండి. నేను ఎంతోమందిని చూశాను. మొన్న మీరు ఆ పిల్ల గురించి చెప్పి ఏడ్చారు చూడండి, అది అబద్ధం ఆడే మనిషి ఏడుపు కాదు. ఆ మాట నిజమైతే మిగతా మాటలూ నిజమే. నేను రాసేశాను కూడాను. ధాన్యం ఉందనీ, దాచారనీ, మళ్ళీ లెక్క తియ్యాలనీ. మీ అమ్మాయి పేరు మీద మీకు ఆ వంతెన వచ్చేదాకా నేను వదలను."

ఎంత మంచివాడో చూడండి. అతను చెడ్డవాడైతే గంగులు పని తేలికయ్యేది.

గంగులు బల్ల మీది కాయితాలు చూశాడు. తను చదవలేని గీతల మధ్య ఎక్కడో అమ్మడు ఉంది. ఆ పక్కనే ఊరివాళ్ళ పాతరలూ ఉన్నాయి. ఈ మనిషి ఒకటి నమ్మినంత కాలం రెండోదీ నమ్ముతాడు.

"ఆ పిల్ల సంగతి కూడా అబద్దమే బాబూ" అన్నాడు.

నరసింగరావు కాయితాల మీంచి తలెత్తాడు. "ఏమిటీ?"

"నాకు కూతురు నేదు. పెళ్ళి అవనేదు, గెడ్డలో పోనేదు. వొంతెన కోసం కట్టిన కథ. మా మరిడమ్మ ఏడుపు సూసినారు గదా, మా ఊరోల్లకి ఏడుపులు ఎప్పుడంటే అప్పుడొస్తాయి."

నరసింగరావు ముఖం ముందు తెల్లబోయి, తర్వాత ఎర్రబడింది. ఆయన ఆ రెండు రాత్రులూ తన ఆడపిల్లల్ని తలుచుకుని సరిగా నిద్రపోలేదు. ఆ మాట గంగులుకి తెలియదు.

"లేని పిల్లని చచ్చిపోయిందని చెప్పి ఆటలాడతావా?" అన్నాడు. మొదటిసారి 'నువ్వు' అన్నాడు. "సిగ్గు లేదూ నీకు? ఇంత వయసొచ్చింది."

గంగులు తలొంచుకుని నిలబడ్డాడు.

నరసింగరావు ధాన్యం దాచారని రాసిన కాయితం రెండు ముక్కలు చేసి కింద పారేశాడు. రెండో కాయితం తీసి, అమ్మడు పేరున్న మూడు వరుసల మీదా కలం అదిమి అడ్డంగా గీత కొట్టాడు. పక్కన ఏదో రాశాడు. ముందు చెప్పినదంతా అసత్యమని ఒప్పుకుంటున్నట్టు సంతకం పెట్టమని కాయితం ముందుకి తోశాడు. గంగులుకి తన పేరు రాయడం మాత్రం వచ్చు. కలం తీసుకుని, ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటూ నెమ్మదిగా రాశాడు.

"ఇక వెళ్ళు" అన్నాడు నరసింగరావు, ముఖం తిప్పుకుని.

గంగులు దణ్ణం పెట్టి బయటికొచ్చాడు. ప్లాట్‌ఫారం మీద మధ్యాహ్నం బండి కోసం జనం కూచుని ఉన్నారు. గోగునార మోపుల పక్క నుంచి, టీ కొట్టు ముందు నుంచి ఎవరి వైపూ చూడకుండా నడిచాడు. వెనక కిటికీ తెరిచే ఉంది. అక్కడ ఏడిస్తే ఆయన చూస్తాడు, చూస్తే మళ్ళీ నమ్ముతాడు. అందుకని గంగులు స్టేషను దాటి, బజారు దాటి, తన వెనక మనిషి అలికిడి లేదని రెండుసార్లు చూసుకున్నాక గాని ఏడవలేదు.